వేరియబుల్ జీవిత బీమా బాధ్యతలపై వడ్డీ వ్యయం

జీవిత బీమా సంస్థ తన పాలసీదారులకు బాకీ ఉన్న మొత్తంపై కాలం గడిచేకొద్దీ పేరుకునే భారాన్ని వడ్డీ వ్యయం అంటారు. పెట్టుబడుల రాబడిని బట్టి విలువ మారే పాలసీలు వేరియబుల్ పాలసీలు. ఈ పాలసీలలో మారే భాగమూ ఉంటుంది, సంస్థ హామీ ఇచ్చిన భాగమూ ఉంటుంది. అసలైన వడ్డీ వ్యయం పుట్టేది రెండోదాని మీదనే. బ్యాంకులు తమ లాభనష్టాల ఖాతాలో డిపాజిట్లపై ఇచ్చిన వడ్డీని విడిగా చూపిస్తాయి. భారతీయ జీవిత బీమా సంస్థల ఖాతాల్లో అలాంటి పద్దు లేదు. వడ్డీ మొత్తం 'పాలసీ బాధ్యతల మదింపులో మార్పు' అనే పెద్ద పద్దులో కలిసిపోతుంది. అందువల్ల ఈ వ్యయాన్ని తెలుసుకోవాలంటే బాధ్యతను ముక్కలుగా విడదీయక తప్పదు.

బాధ్యతల రకాలు

భారతదేశంలో వేరియబుల్ స్వభావం గల పాలసీలు ప్రధానంగా రెండు రూపాల్లో ఉన్నాయి. మొదటిది యూనిట్ లింక్డ్ పాలసీ, వాడుకలో యులిప్. ప్రీమియంలో ఛార్జీలు పోగా మిగిలిన డబ్బుతో పాలసీదారు పేరిట యూనిట్లు కొంటారు. యూనిట్ల సంఖ్యను ఆనాటి నికర ఆస్తి విలువతో గుణిస్తే వచ్చేదే ఫండ్ విలువ. సంస్థ బాధ్యత కూడా అంతే. మార్కెట్ పెరిగితే ఆస్తీ బాధ్యతా ఒకే మేరకు పెరుగుతాయి, తగ్గితే రెండూ తగ్గుతాయి. ఈ పెరుగుదలను వడ్డీ వ్యయంగా లెక్కించకూడదు. నష్టభయమంతా పాలసీదారుదే కాబట్టి సంస్థ ఇక్కడ వడ్డీకి మాట ఇవ్వలేదు.

రెండోది పాలసీ ఖాతా పద్ధతి. ప్రతి పాలసీకీ ఒక ఖాతా ఉంటుంది. ప్రీమియం జమవుతుంది, ఛార్జీలు తరుగుతాయి, మిగిలినదానికి వడ్డీ చేరుతుంది. వడ్డీలో ఒక భాగం పాలసీ కాలమంతటికీ హామీ ఇచ్చిన కనీస రేటు. రెండో భాగం సంస్థ ఎప్పటికప్పుడు ప్రకటించే అదనపు రేటు. ఈ పాలసీల్లో వడ్డీ వ్యయం అన్న మాట పూర్తి అర్థంలో వర్తిస్తుంది.

ఇవి కాక యులిప్‌లోనే యూనిట్లకు బయట ఉండే చిన్న రిజర్వు ఒకటుంది. మరణిస్తే ఫండ్ విలువ, బీమా మొత్తం ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. అది కట్టిన ప్రీమియంలలో 105 శాతానికి తగ్గకూడదు. ఈ హామీకీ, రాబోయే నిర్వహణ ఖర్చులకూ ఛార్జీల ఆదాయం చాలదనిపిస్తే ఆ లోటును నేటి విలువకు కుదించి యాక్చువరీ (బీమా బాధ్యతలను లెక్కగట్టే నిపుణుడు) నాన్ యూనిట్ రిజర్వుగా పక్కన పెడతారు. అలా కుదించిన మొత్తం ఏటా తిరిగి విప్పారుతుంది, ఆ విప్పారడమే దాని వడ్డీ. ఫండ్ విలువ పెరిగేకొద్దీ బీమా మొత్తానికీ ఫండ్‌కూ మధ్య తేడా తగ్గి సంస్థ మీది మరణ భారం తేలికవుతుంది. కాబట్టి మంచి రాబడి వచ్చిన ఏడాది ఈ రిజర్వు కుంచించుకుపోవచ్చు కూడా.

చరిత్ర

యూనిట్లతో ముడిపెట్టిన జీవిత బీమా 1950లలో నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో మొదలైంది. అమెరికాలో ఉపాధ్యాయుల పింఛను సంస్థ టీఐఏఏ 1952లో వేరియబుల్ పింఛను నిధిని ప్రారంభించింది. అక్కడ వేరియబుల్ జీవిత బీమా పాలసీని 1976లో ఈక్విటబుల్ సంస్థ అమ్మకానికి తెచ్చింది. అదే ఏడాది బ్రెనన్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు ఇలాంటి పాలసీల్లోని కనీస విలువ హామీని షేర్ల ఆప్షన్ మాదిరిగా వెలకట్టవచ్చని చూపారు. హామీ ఊరికే వచ్చేది కాదని, దానికీ ధర ఉందని లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే.

తెలుగు నేలలో జీవిత బీమా చరిత్ర దీనికంటే పాతది. హైదరాబాద్ సంస్థానంలో నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 1907లో ఒక నిధిని ఏర్పరచింది. నేటి ప్రభుత్వ జీవిత బీమా శాఖకు అదే మూలం. కోస్తాలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ 1925లో వచ్చింది. 1956 సెప్టెంబర్ 1న భారతీయ జీవిత బీమా సంస్థ (ఎల్‌ఐసీ) ఏర్పడి, 245 సంస్థల వ్యాపారాన్ని తనలో కలుపుకొంది. ఆ కాలపు పాలసీల్లో వడ్డీ కనిపించకుండానే పనిచేసేది. మదింపులో తేలిన మిగులు బోనస్ రూపంలో పాలసీదారుకు చేరేది.

యూనిట్లతో ముడిపడిన బీమా పథకాన్ని దేశంలో 1971లో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా తెచ్చింది. బీమా రంగంలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించాక 2001 నుంచి యులిప్‌లు విస్తరించాయి. ఎల్‌ఐసీ అదే ఏడాది బీమా ప్లస్ విడుదల చేసింది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 1999 చట్టం కింద ఏర్పడి, 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. కాబట్టి ఈ వ్యాసంలోని ఐఆర్‌డీఏ నిబంధనల్లో దాదాపు అన్నీ హైదరాబాద్‌లో రాసినవే.

2010 మలుపు. ఏప్రిల్‌లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 14 బీమా సంస్థలను తన అనుమతి లేకుండా యులిప్‌లు అమ్మరాదని ఆదేశించింది. అప్పటి ఐఆర్‌డీఏ అధ్యక్షుడు జె. హరినారాయణ్ ఆ ఆదేశాన్ని పట్టించుకోనవసరం లేదని సంస్థలకు చెప్పారు. జూన్‌లో కేంద్రం ఆర్డినెన్స్‌తో వివాదాన్ని ముగించి, యులిప్‌లను బీమా నియంత్రణ కిందే ఉంచింది. సెప్టెంబర్ 1 నుంచి ఐదేళ్ల లాక్ ఇన్ (డబ్బు వెనక్కి తీసుకోలేని కాలం), ఛార్జీలపై పరిమితులు వచ్చాయి. యూనివర్సల్ లైఫ్ పేరుతో అమ్ముతున్న పాలసీ ఖాతా పథకాలకు నవంబర్‌లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, వాటిని వేరియబుల్ ఇన్సూరెన్స్‌గా పిలిచారు. ఎల్‌ఐసీ బీమా అకౌంట్ ఈ కోవలోదే. పాలసీ బాధ్యతపై కనీస వడ్డీ రేటును నిబంధనగా రాసిన ఘట్టం అది.

లెక్క కట్టే తీరు: పాలసీ ఖాతా

ఏడాది మొదట పాలసీ ఖాతాలో 1,00,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. అదే రోజు 20,000 ప్రీమియం జమై, 1,500 ఛార్జీలు పోతే మిగిలేది 1,18,500. హామీ రేటు 4 శాతం, ప్రకటించిన అదనపు రేటు 2 శాతం అయితే ఏడాది వడ్డీ 7,110 రూపాయలు, ముగింపు నిల్వ 1,25,610. ఈ 7,110 సంస్థకు వడ్డీ వ్యయం. అందులో 4,740 తప్పించుకోలేనిది, 2,370 సంస్థ విచక్షణతో ఇచ్చినది.

సంస్థ ఆ సొమ్మును 7 శాతానికి పెట్టుబడి పెట్టి ఉంటే ఆర్జన 8,295. తేడా 1,185 సంస్థకు మిగులు. ఆర్జన 3 శాతానికి పడిపోతే 3,555 మాత్రమే వస్తుంది. అదనపు రేటును సున్నా చేసినా హామీ భాగానికే 1,185 తక్కువ పడుతుంది. ఆ లోటు షేర్‌హోల్డర్ల డబ్బులోంచి రావాలి.

లెక్క కట్టే తీరు: కుదించిన రిజర్వు

పదేళ్ల తర్వాత 1,00,000 ఇస్తామన్న హామీని 6 శాతం రేటుతో నేటి విలువకు కుదిస్తే 55,839 రూపాయలు. మొదటి ఏడాది చివర దానిపై 3,350 చేరి బాధ్యత 59,190 దాకా పెరుగుతుంది. ఏ నగదూ కదలలేదు, అయినా ఖర్చు నమోదవుతుంది. చివరి ఏడాది ఆ చేరిక ఏకంగా 5,660. పాలసీ ముదిరేకొద్దీ వడ్డీ వ్యయం పెరగడానికి కారణం ఇదే.

ఇక్కడ రెండు మార్పులను కలిపి చూడడం తరచూ జరిగే పొరపాటు. మార్కెట్ వడ్డీ తగ్గి, మదింపు రేటును మొదటి రోజే 5 శాతానికి దించాల్సి వస్తే అదే బాధ్యత 61,391 అవుతుంది. పెరిగిన 5,552 రూపాయలు వడ్డీ వ్యయం కావు. అవి రేటు మార్పు వల్ల వచ్చిన పునర్‌మదింపు. ఒకటి కాలం తెచ్చేది, మరొకటి మార్కెట్ తెచ్చేది. వీటిని విడదీయని ఖాతా నుంచి సంస్థ ఏడాది పనితీరును అంచనా వేయడం కష్టం.

ఆగిన పాలసీల నిధి

యులిప్‌లలో కచ్చితమైన వడ్డీ హామీ ఉన్నది ఈ ఒక్కచోటే. లాక్ ఇన్ ఐదేళ్లలోపు ప్రీమియం ఆగిపోతే ఫండ్ విలువలోంచి డిస్కంటిన్యుయెన్స్ ఛార్జీ తీసి, మిగిలినదాన్ని ఆగిన పాలసీల నిధికి మారుస్తారు. ఐదో ఏడాది నుంచి ఈ ఛార్జీ ఉండదు. పాలసీని పునరుద్ధరించకపోతే లాక్ ఇన్ ముగిశాకే డబ్బు తిరిగిస్తారు. అప్పటివరకు ఏటా కనీసం 4 శాతం వడ్డీ ఇవ్వాలి. నిధి నిర్వహణకు వసూలు చేయగలిగేది 0.50 శాతమే. మామూలు యూనిట్ ఫండ్‌కు ఆ పరిమితి 1.35 శాతం.

ఉదాహరణకు 40,000 రూపాయలు రెండేళ్లు ఈ నిధిలో ఉంటే కనీసం 43,264 చేతికి రావాలి. నిధి అంతకంటే ఎక్కువ సంపాదిస్తే ఆ ఎక్కువ కూడా పాలసీదారులకే చెందాలి, షేర్‌హోల్డర్లకు మళ్లించకూడదు. రాబడి 4 శాతానికి తగ్గితే మాత్రం లోటు సంస్థదే. అంటే సంస్థకు ఇందులో లాభం లేదు, నష్టభయం మాత్రం ఉంది. ఈ నిధి సొమ్ము ట్రెజరీ బిల్లులు, ప్రభుత్వ బాండ్ల వంటి వాటిని దాటి వెళ్లకపోవడానికి ఇదొక కారణం.

బోనకల్ ప్రాంతానికి వర్తింపు

ఈ హామీ ఎక్కడ అక్కరకొస్తుందో చూడడానికి బోనకల్ ఒక ఉదాహరణ. అది ఖమ్మం జిల్లాలో కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉన్న మండల కేంద్రం. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట చేలల్లో పత్తి, మిర్చి ఇక్కడి పంటలు. పత్తి డబ్బు చలికాలంలో, మిర్చి డబ్బు ఖమ్మం మార్కెట్‌కు సరుకు చేరే వేసవి మొదట్లో వస్తుంది. వానాకాలంలో గడువు పడే వార్షిక ప్రీమియం ఇలాంటి ఆదాయానికి సరిపడదు. పంట దెబ్బతిన్న ఏడాది ఆగేది మొదట అదే. కాబట్టి వ్యవసాయ ప్రాంతాల్లో యులిప్ కొన్నవారికి ఫండ్ రాబడి ఎంత ముఖ్యమో, ఆగిన పాలసీల నిధిలోని 4 శాతమూ అంతే ముఖ్యం. ప్రీమియం తేదీని పంట చేతికొచ్చే నెలకు కుదుర్చుకోవడం ఏజెంట్లు చేయగలిగిన పని.

పల్లెల్లో ఎక్కువమందికి ఉన్న బీమాలో ఈ వడ్డీ దాదాపు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 14 నుంచి ఎల్‌ఐసీ ద్వారా అమలు చేస్తున్న రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షలు అందుతాయి. మొదటి ఏడాది ఒక్కో రైతుకు ప్రభుత్వం కట్టిన ప్రీమియం 2,271 రూపాయలు. ఇది ఏటా ముగిసే సామూహిక టర్మ్ బీమా. పేరుకునే నిల్వ లేదు కాబట్టి వడ్డీ పేరుకోదు. బ్యాంకు ఖాతాదారులకిచ్చే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాదీ అదే స్వభావం.

రాష్ట్ర బడ్జెట్టులో (ప్రభుత్వ జీవిత బీమా)

భారతదేశంలో జీవిత బీమా నిధిపై వడ్డీ విడి పద్దుగా కనిపించే చోటు ఒకటుంది, అది ఏ కంపెనీ నివేదికలోనూ కాదు. రాష్ట్ర ఉద్యోగుల జీతంలోంచి ప్రతి నెలా కోత పడే ప్రభుత్వ జీవిత బీమా సొమ్ము ప్రభుత్వ పబ్లిక్ అకౌంట్‌లో 8011 పద్దు కింద, బీమా పింఛను నిధులుగా నిలుస్తుంది. ఆ నిధిపై ప్రభుత్వం ఇచ్చే వడ్డీని 2049 వడ్డీ చెల్లింపుల పద్దులో, 'బీమా, పింఛను నిధిపై వడ్డీ' అన్న ఉపపద్దు కింద ఖర్చు రాస్తారు. ఇది వేరియబుల్ పాలసీ కాదు, బోనస్‌తో కూడిన సంప్రదాయ పాలసీ. అయినా పోలిక పనికొస్తుంది. ఇక్కడ నిధి ప్రభుత్వానికి అప్పుగా పరిగణన పొందింది కాబట్టి వడ్డీ బయటికి కనిపిస్తోంది. బీమా కంపెనీలో అదే వడ్డీ యాక్చువరీ మదింపులో ఉండి కనిపించడం లేదు.

కంపెనీ ఖాతాల్లో స్థానం

2002 నాటి ఐఆర్‌డీఏ ఆర్థిక నివేదికల నిబంధనలు జీవిత బీమా సంస్థకు మూడు పట్టీలు నిర్దేశించాయి. ఏ–ఆర్ఏ పాలసీదారుల రెవెన్యూ ఖాతా, ఏ–పీఎల్ షేర్‌హోల్డర్ల లాభనష్టాల ఖాతా, ఏ–బీఎస్ ఆస్తి అప్పుల పట్టీ. రెవెన్యూ ఖాతాలో ప్రీమియం, పెట్టుబడి ఆదాయం ఒక వైపు, చెల్లించిన ప్రయోజనాలు, కమీషన్, నిర్వహణ ఖర్చులు, బాధ్యతల మదింపులో మార్పు మరో వైపు ఉంటాయి. ఆస్తి అప్పుల పట్టీలో యూనిట్ భాగం లింక్డ్ బాధ్యతల కేటాయింపుగా, దానికి ఎదురుగా ఆస్తులు 8బి షెడ్యూలులో కనిపిస్తాయి.

ఈ అమరికలో ఏడాది మదింపు మార్పు అన్న ఒకే అంకెలో అయిదారు విషయాలు కలుస్తాయి. కొత్త ప్రీమియం చేరిక, క్లెయిములతో తగ్గిన బాధ్యత, మార్కెట్ మార్పు, యాక్చువరీ అంచనాల సవరణ, మిగిలింది వడ్డీ. ప్రారంభ బాధ్యతను మదింపు రేటుతో గుణించి స్థూలంగా అంచనా వేయవచ్చు గానీ, మదింపు రేటులో ప్రతికూల పరిస్థితులకు ఉంచిన మార్జిన్ కూడా ఉంటుంది. కాబట్టి ఆ అంచనా ఉజ్జాయింపే. మదింపు తర్వాత సంస్థ బాధ్యతలకు పైన కనీస సాల్వెన్సీ నిష్పత్తి (బాధ్యతలు తీర్చే స్తోమతకు కొలత) 150 శాతం నిలుపుకోవాలి.

పన్నులోనూ ఇదే పోలిక. 1961 ఆదాయపు పన్ను చట్టం జీవిత బీమా వ్యాపారానికి యాక్చువరీ మదింపులో తేలిన మిగులును ఆదాయంగా తీసుకుని 12.5 శాతం పన్ను విధించింది. పాలసీదారులకు చేరిన వడ్డీని విడిగా తీసివేతకు చూపే అవసరం రాలేదు. మిగులు తేలేలోపే అది తరిగిపోయి ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణాలు

అమెరికాలో 1987 నాటి 97వ ఆర్థిక లెక్కల ప్రమాణం యూనివర్సల్ లైఫ్ వంటి పాలసీల ప్రీమియాన్ని ఆదాయంగా కాక డిపాజిట్‌గా చూసింది. అందుకే అక్కడి సంస్థల నివేదికల్లో 'పాలసీదారుల ఖాతాలకు జమచేసిన వడ్డీ' అన్న ఖర్చు పద్దు చాలాకాలంగా ఉంది. వేరియబుల్ పాలసీల యూనిట్ భాగం సెపరేట్ అకౌంట్‌లో ఉంటుంది. దాని లాభనష్టాలు సంస్థ ఆదాయ పట్టీలోకి రావు. స్థిర వడ్డీ ఎంపికకు మళ్లించిన భాగానికే జమ వడ్డీ పద్దు వర్తిస్తుంది.

2018లో అమెరికా ప్రమాణకర్తలు దీర్ఘకాలిక బీమా నియమాలను సవరించారు. పెద్ద లిస్టెడ్ సంస్థలకు అవి 2023 నుంచి అమల్లోకి వచ్చాయి. బాధ్యత ఏడాదిలో ఎలా మారిందో ప్రారంభ నిల్వ నుంచి ముగింపు నిల్వ దాకా వరుసగా చూపాలి. ఆ వరుసలో వడ్డీ ఒక ప్రత్యేక గడి. వడ్డీని పాలసీ జారీ చేసిన నాటి రేటుతో కట్టి ఆదాయంలో చూపుతారు. మార్కెట్ రేటు మారడం వల్ల వచ్చే తేడా ఇతర సమగ్ర ఆదాయంలోకి వెళుతుంది. పైన చెప్పిన 3,350కీ 5,552కీ మధ్య గీత గీసింది ఈ నియమం.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 కూడా 2023 జనవరి 1 నుంచే అమలైంది. ఇది బీమా సేవ ఫలితాన్ని, బీమా ఆర్థిక వ్యయాన్ని వేరు చేస్తుంది. యూనిట్ లింక్డ్ తరహా పాలసీలకు ఇందులో వేరియబుల్ ఫీ పద్ధతి ఉంది. ఫండ్‌లో సంస్థ వాటాను రుసుముగా భావించి, దాని మార్పును భవిష్యత్ లాభంలో సర్దుతారు. భారతదేశంలో దీనికి సమానమైన ఇండ్ ఏఎస్ 117ను కేంద్రం 2024 ఆగస్టులో నోటిఫై చేసింది. బీమా సంస్థలకు మాత్రం నియంత్రణ సంస్థ అమలు తేదీ ప్రకటించేదాకా పాత పద్ధతిని కొనసాగించే వెసులుబాటు ఇచ్చారు.

నష్టభయాలు

హామీ రేటుకూ ఆర్జనకూ మధ్య తేడా తిరగబడితే వడ్డీ వ్యయమే సంస్థను ముంచుతుంది. జపాన్‌లో ఎక్కువ హామీ రేట్లతో పాలసీలు అమ్మిన నిస్సాన్ మ్యూచువల్ లైఫ్ 1997 ఏప్రిల్‌లో కుప్పకూలింది. యుద్ధానంతర జపాన్‌లో జీవిత బీమా సంస్థ మూతపడడం అదే మొదలు. బ్రిటన్‌లో హామీ పింఛను రేట్ల భారంతో ఈక్విటబుల్ లైఫ్ (పైన చెప్పిన అమెరికా సంస్థ కాదు) 2000 డిసెంబర్‌లో కొత్త వ్యాపారం ఆపేసింది.

భారత్‌లో ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2009–10లో ఏడేళ్లలో నమోదైన అత్యధిక నికర ఆస్తి విలువను ఇస్తామన్న యులిప్‌లు జోరుగా అమ్ముడుపోయాయి. ఎల్‌ఐసీ వెల్త్ ప్లస్ వాటిలో ఒకటి. ఈ హామీని నిలబెట్టుకోవడానికి షేర్ల నుంచి బాండ్లకు మారక తప్పదు. దాంతో పాలసీదారు ఆశించిన షేర్ల లాభం పలచబడింది. నియంత్రణ సంస్థ తర్వాత ఈ రకాన్ని ఆపింది. ఇక్కడి హామీ భారం స్థిర వడ్డీలా ఏటా సమంగా చేరదు. ఆప్షన్ విలువలా మార్కెట్ ఒడుదొడుకులతో పెరిగి తగ్గుతుంది.

రేటు తేడా భయాన్ని తగ్గించడానికి సంస్థలు బాధ్యతల గడువుకు దగ్గరి గడువున్న బాండ్లు కొంటాయి. 2023 నవంబర్‌లో కేంద్రం 50 ఏళ్ల బాండ్లు జారీ చేయడంతో ఇది కొంత సులువైంది. ఇంకా చేతికి రాని ప్రీమియంలను ఏ రేటుకు పెట్టుబడి పెట్టగలమో ముందే ఖాయం చేసుకోవడానికి ఫార్వర్డ్ రేటు ఒప్పందాలను వాడుకోవచ్చు. యూనిట్లకు చెందని నిధుల్లో కనీసం సగం ప్రభుత్వ, ఆమోదిత సెక్యూరిటీల్లో, అందులోనూ 25 శాతం కేంద్ర ప్రభుత్వ బాండ్లలో ఉండాలన్న నియమం రుణ ఎగవేత భయాన్ని తగ్గించింది. గడువుల పొంతన లేకపోవడం వల్ల వచ్చే భయాన్ని ఆ నియమం తీర్చదు. అది పూర్తిగా సంస్థ ఆస్తి అప్పుల నిర్వహణ మీద ఆధారపడి ఉంటుంది.